మాత్రలు ఆపే ముందు ఒక్క మాట



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో పాప ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాక ధర్మవరం నుంచి వచ్చిన ఒక తల్లి కాసేపు ఆగింది. మాట పాప గురించి కాదు, పెద్ద కొడుకు గురించి. డిగ్రీ రెండో ఏడాదిలో ఎవరూ లేకున్నా గొంతులు వినిపిస్తున్నాయన్నాడట. బెంగళూరులో చూపిస్తే స్కిజోఫ్రీనియా అన్నారు. మందులతో గొంతులు ఆగాయి. "కానీ మేడమ్, ముందున్న చురుకు లేదు. అంగట్లో చిల్లర లెక్కపెట్టను కూడా టైం పడుతోంది. ఆ మాత్రలే వాణ్ణి మొద్దు చేసినాయి. ఆపేద్దామనుకుంటున్నాం."

ఆ అబ్బాయి నా దగ్గరే చదివాడు. పదో తరగతిలో రాత నెమ్మదించి, స్లిప్ టెస్టులు సగంలో ఆగిపోతుంటే అందరి ముందూ 'సోమరి' అన్నది నేనే. అది రాబోయే జబ్బుకు సూచనో కాదో ఇప్పుడు చెప్పలేం. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

మెదడులో జరిగేది మన రైలు మార్గంతో పోల్చి చెబుతాను. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం స్టేషన్లన్నీ బాగానే ఉన్నాయనుకోండి. మధ్యలో పట్టాలు బలహీనపడితే రైలు మెల్లగా నడపాల్సిందే. మెదడులో ఆలోచించే కణాలు స్టేషన్లయితే, వాటిని కలిపే తీగల కట్టలే పట్టాలు. ఆ తీగల మీద మైలిన్ అనే కొవ్వు పొర తెల్లగా ఉంటుంది కాబట్టి ఆ భాగాన్ని తెల్ల పదార్థం అంటారు. అది ఇరవైల వయసు దాకా ఎదుగుతూనే ఉంటుంది. స్కిజోఫ్రీనియా ఎక్కువగా బయటపడేదీ దాదాపు ఆ వయసులోనే.

2018లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ పరిశోధక బృందం 4,322 మంది మెదడు స్కాన్లను పోల్చి చూసింది. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో ఈ తెల్ల పదార్థపు అల్లికలో తేడాలు ఒక్కచోట కాదు, మెదడంతా కనిపించాయి. ఇలాంటి తేడాలకూ ఆలోచన వేగం తగ్గడానికీ సంబంధం ఉందని వేరే అధ్యయనాలు చెబుతున్నాయి. తెలివి పోలేదు, అందడం ఆలస్యమవుతోంది. ఒక్క మాత్ర కూడా మింగని కొత్త రోగుల్లోనూ ఇలాంటి తేడాలు కనబడ్డాయి. కాబట్టి నెమ్మదికి కారణం మందులే అనుకోవడం సరికాదు.

అలాగని మందులకు ఏ దోషమూ లేదని నేననను. కొన్ని మత్తు కలిగిస్తాయి. ఆ సంగతి డాక్టరుకు చెబితే మోతాదో, మందో మారుస్తారు. ఇంట్లో వాళ్లే ఆపేస్తే గొంతులు తిరిగి వచ్చే ప్రమాదం ఎక్కువ.

ఇంకో మాట. 'పిల్లవాడి బ్రెయిన్ స్కాన్ తీయిస్తే తెలిసిపోతుందా?' అని అడిగేవాళ్లున్నారు. తెలియదు. ఆ తేడాలు వందల మంది సగటులో కనిపించేవి, ఒక్కరి ఫిల్మ్ చూసి ఈ జబ్బును తేల్చలేరు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

మార్కులు తగ్గిన ప్రతి పిల్లవాడికీ ఈ జబ్బుందని కాదు. ఎక్కువమంది విషయంలో కారణం నిద్రో, ఫోనో, భయమో, కంటిచూపో అయి ఉంటుంది. కానీ నెలల తరబడి నిద్ర తలకిందులై, స్నేహితులకు దూరమై, స్నానం కూడా పట్టించుకోకుండా, లేనిపోని అనుమానాలు మొదలైతే ట్యూషన్ మార్చడం వల్ల ఏం ప్రయోజనం? గుడికో దర్గాకో మొక్కుకుంటే తప్పులేదు, అదే వారం డాక్టరుకూ చూపించండి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు తెలుగులోనే, డబ్బులు లేకుండా మాట్లాడతారు. హిందూపురం నుంచి నిమ్హాన్స్ వంద కిలోమీటర్లకు అటూ ఇటూ.

మా వైపు నుంచీ చేయాల్సింది ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. అలాంటి విద్యార్థి పరీక్షలో అదనపు సమయం అడిగితే అది దయ కాదు. గంటలో అరవై బిట్లు పెట్టించి వేగాన్నే తెలివిగా లెక్కగట్టే మా వీకెండ్ టెస్టుల గురించి స్టాఫ్ మీటింగ్‌లో నేను అడగబోతున్నాను. అందరికీ నచ్చకపోవచ్చు.

ఆ తల్లి మాత్రలు ఆపలేదు. కొడుక్కి లెక్కకు ఎంతసేపు పడుతోందో, పగలు ఎంత నిద్రపోతున్నాడో రోజూ పాత నోటుబుక్కులో రాస్తోంది, వచ్చే అపాయింట్‌మెంట్‌కు పట్టుకెళ్లడానికి.