నల్లమల పక్షమున వకాల్తా ఎవరిది?

మన వ్యాకరణమున నది, చెట్టు, కొండ అమహద్వాచకములు. చట్టమునందును వాని స్థానము అంతకంటె గొప్పది కాదు. అవి ఆస్తులేగాని వ్యక్తులు కావు. ఐతే గుడిలోని విగ్రహమును మన న్యాయస్థానములు ఏనాడో వ్యక్తిగా అంగీకరించినవి. వ్యాపారసంస్థయు వ్యక్తియే. మా వనపర్తికి తూర్పుననున్న నల్లమలలో సలేశ్వరము లింగమయ్య పేర దావా వేయవచ్చును. ఆయన యెదుట దూకు జలపాతము పేర వేయరాదు. ఇది వింత కాదా?

ఈ వింతను సవరించు యత్నములు లేకపోలేదు. 2008లో ఈక్వెడారు తన రాజ్యాంగముననే ప్రకృతికి హక్కులు వ్రాసికొన్నది. 2017 మార్చిలో న్యూజీలాండు పార్లమెంటు వాంగనూయి నదిని వ్యక్తిగా గుర్తించినది. ఆ నెలలోనే ఉత్తరాఖండ హైకోర్టు గంగా యమునలకు అట్టి హోదానే యిచ్చినది. కాని జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసినది.

రెండింటికి భేదమెక్కడ? వాంగనూయి పక్షమున మాటాడువారు ఇద్దరు. ఒకరిని ప్రభుత్వము, మరొకరిని ఆ నదితో తమకు భేదము లేదని నమ్ము మావొరీలు నిర్ణయింతురు. గంగకు సంరక్షకులుగా చెప్పబడినవారు ప్రభుత్వాధికారులు. వరద వచ్చినచో నష్టపరిహారము ఎవరిత్తురని ఆ ప్రభుత్వమే సుప్రీంకోర్టుకెక్కినది. నదిని తనదిగా భావింపనివాడు నదికి వకీలెట్లగును?

ఇక నల్లమల మాట. 2019 మేలో కేంద్ర అటవీ సలహాసంఘము అమ్రాబాదు పులుల అభయారణ్యమున 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము అన్వేషణకు సూత్రప్రాయముగా సమ్మతించినది. చెంచులు ఎదిరించిరి, రైతులు, విద్యార్థులు, రచయితలు వారితో నిలిచిరి. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆ త్రవ్వకములు వలదని తీర్మానించినది. నాడు అడవికి నోరు చెంచులే.

ఇది అలంకారము కాదు. తేనె తీయునప్పుడు ఈగలకు కొంత పట్టు విడుచుట, గడ్డ త్రవ్వునప్పుడు తీగ మరల చిగుర్చుటకు మొదలు మిగుల్చుట చెంచుల ఆచారము. చెంచులక్ష్మిని పెండ్లాడిన నరసింహుడు వారికి అల్లుడు. దేవుడే చుట్టమైన అడవి వారికి వట్టి ఆస్తి ఎట్లగును?

చెంచులను వెలుపలికి తరలించినగాని పులులకు రక్ష లేదని కొందరందురు. కాని 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవిని కాపాడు అధికారమును గ్రామసభకే యిచ్చినది. 2013లో ఒడిస్సాలోని నియమగిరిపై 12 గ్రామసభలు గని వలదన్నవి, గని ఆగినది. కొండను అక్కడ నివసించువారే కాపాడుకొనిరి. అడవికి హక్కులిచ్చి చెంచును వెళ్లగొట్టుట, కక్షిదారుకు కాగితమిచ్చి వకీలును గెంటుటయే.

ఉపాధ్యాయులు మహదమహద్వాచకములు బోధించునాడు ఈ ప్రశ్నను కూడ విద్యార్థుల ముందుంచుదురు గాక!