50వ పేజీ దగ్గర ఆగిపోతే?

సగంలో వదిలేసిన పుస్తకం మీ దగ్గర ఒక్కటైనా ఉంటుంది కదా? నా దగ్గర ఓ అరనిండా ఉన్నాయి.

అమెరికా లైబ్రేరియన్ నాన్సీ పర్ల్ దీనికో లెక్క చెప్పారు. మీ వయసు 50 లోపైతే 50 పేజీలు చదవండి, నచ్చకపోతే వదిలేయండి. 50 దాటితే 100 లోంచి వయసు తీసేయండి, మిగిలినన్ని పేజీలు చాలు. కోడ్ రాసుకునేవాణ్ని కాబట్టి నాకీ లెక్క తెగ నచ్చింది. కానీ ఒక్కచోట ఫెయిలైంది.

బీటెక్ మొదటి ఏడాదిలో మా జిల్లా రచయిత కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞంతో తొమ్మిది' తెరిచాను. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం. 'యజ్ఞం' కథలో ఊరి పెద్దల ముందు అప్పు పంచాయితీ ఎంతకీ తెగదు. బోర్ కొట్టి మూసేశాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు కూలిపోయాయి. మా తోటా పోయింది. నందిగాం వెళ్తే నాన్న అరుగు మీద కూర్చుని వడ్డీ లెక్క వేస్తున్నాడు. కొట్టేస్తాడు, మళ్లీ వేస్తాడు.

"ఎంతయింది నాన్నా?"

"నీకెందుకురా, సదువుకో."

ఆ రాత్రి అదే కథ మళ్లీ తీశాను. పంచాయితీ అంతసేపు ఎందుకు నడవాలో అప్పుడర్థమైంది. అప్పంటే ఒక్క అంకె కాదు. ఏ ఏడు ఏమైందో అంతా చెప్పుకోవాలి. తెల్లారేలోపు పూర్తిచేశాను.

ఇప్పటికీ 50 పేజీల్లో పట్టకపోతే మొహమాటం లేకుండా ఆపేస్తా. కాకపోతే తిట్టను, రేటింగ్ ఇవ్వను. ఆగిన పేజీలో తేదీ రాసిన చీటీ పెట్టి అరలో ఉంచుతా.

మీ చీటీ ఏ పుస్తకంలో, ఎన్నో పేజీలో ఉంది?