440కి సర్వీస్ ప్యాక్ రాదు

పియానో శ్రుతి చేసే ఎలక్ట్రానిక్ పరికరం ఎక్కువకాలం బతుకుతుందా, మన లాప్‌టాపా? నా ఓటు పరికరానికే.

1936లో అమెరికాలో కాన్ కంపెనీ స్ట్రోబోకాన్ అనే యంత్రం తెచ్చింది. లోపల వాక్యూమ్ ట్యూబులు, తిరిగే 12 చక్రాలు. స్వరం సరిపోతే చక్రం మీది చారలు నిలబడతాయి, తప్పితే జారిపోతాయి. అంతే! ఇవాళ్టికీ దాన్ని అడిగే ప్రశ్న అదే: 440 హెర్ట్జ్ పలికిందా, లేదా?

మరి లాప్‌టాప్? 2025 అక్టోబర్ 14న విండోస్ 10 మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 కావాలట. తెర, కీబోర్డు, ప్రాసెసర్ అన్నీ భేషుగ్గా ఉన్నా మిషన్ 'పాతది' అయిపోయింది.

సాఫ్ట్‌వేర్ ట్యూనర్లు తక్కువవేం కాదండోయ్. పియానో తీగల బిరుసుదనం వల్ల ఉపస్వరాలు కాస్త హెచ్చుగా పలుకుతాయి. అది లెక్కగట్టి 88 మెట్లకీ సరైన శ్రుతి చూపిస్తాయి. కానీ ఓఎస్ మారగానే అది పనిచెయ్యకపోతే, దాన్నే నమ్ముకున్న పనివాడి ఆ రోజు కూలి గోవిందా.

లాప్‌టాప్‌ని చంపేది ఎక్కువసార్లు చిప్పు కాదు, మనం రాసే డిపెండెన్సీలు. ఒక్క పని చేసే ప్రోగ్రామునైనా లాగిన్, నెట్ అక్కర్లేకుండా పదేళ్ళు నడిచేలా రాద్దాం. ఏమంటారు?