మడతబందు మాహాత్మ్యం

ఫ్లాటు కొన్న ప్రతివాడూ ఓ నాలుగు నెలలు ఇంటీరియర్స్ మీద పీహెచ్‌డీ చేస్తాడు. నేనూ చేశాను. వంటగట్టుకి ఏ గ్రానైటు, హాలుకి ఏ రంగు, తలుపులకి ఏ హ్యాండిలు అని ఎక్సెల్ షీట్లు వేసి మరీ తేల్చాను. ఆ షీట్లలో మడతబందులకి, అదేనండీ హింజెస్‌కి, ఒక్క గడి కూడా లేదు. "అవి మేం చూసుకుంటాం సార్" అన్నాడు కార్పెంటరు. "సరే" అన్నాను.

ఆ "సరే" ఖరీదెంతో నిరుడు వానాకాలంలో తెలిసొచ్చింది. ఊర్నించి వచ్చిన మా నాన్న బాత్రూంలో ఇరుక్కుపోయారు. తలుపు వాలిపోయి, గడియ వైపు మూల కింద టైలుకి కరుచుకుంది. లోపలికి తెరుచుకునే తలుపు కాబట్టి బందులన్నీ లోపలే, బయటినుంచి ఊడదీసే దారి లేదు. చివరికి వాచ్‌మన్ గునపం తెచ్చి తలుపుని పైకెత్తితే, నేను భుజంతో తోశాను. ఇరవై నిమిషాలు పట్టింది. బయటికొచ్చి ఆయనన్న మొదటి మాట: "ఒరేయ్, ఇంత పోసి ఇల్లు కొన్నావు, దాంతోపాటు ఓ గునపం కూడా కొనాల్సిందిరా!" నవ్వేశాం గానీ, ఆయన లోపల జారి పడుంటే ఏమయ్యేదో తల్చుకుంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు విప్పి చూస్తే బందు నిక్షేపంగా ఉంది. పోయినవి స్క్రూలు. సుత్తితో నాలుగు దెబ్బలు వేసి దిగ్గొట్టి, చివర్లో పేరుకి అరచుట్టు తిప్పిన బాపతు. అలా కొడితే మర కర్రని పట్టుకోదు, చీలుస్తుంది. మన భాషలో చెప్పాలంటే, డెమో రోజున పనిచేస్తే చాలనుకుని రాసిన కోడు లాంటిదన్నమాట.

అసలు బందు మీద భారమెంతో ఎప్పుడైనా లెక్కేశారా? ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అంగుళాల మందం ఉన్న టేకు తలుపు 50 కిలోలు దాటుతుంది. ఆ బరువంతా బందులనుంచి 1.75 అడుగుల దూరంలో వేలాడుతున్నట్టు లెక్క. పై బందుకీ కింది బందుకీ మధ్య ఆరడుగులుంటే, 50 × 1.75 ÷ 6, అంటే దాదాపు 15 కిలోల బలం పై బందుని రాత్రింబవళ్ళు గోడనుంచి బయటికి లాగుతూనే ఉంటుంది. ముందు పై స్క్రూలే వదులవడానికి కారణం ఇదే.

అందుకని నా సలహాలు:

వీధి తలుపుకి 5 అంగుళాల బందులు, 3 మిల్లీమీటర్ల మందానివి, కనీసం మూడు. బరువెక్కువైతే నాలుగు. గదుల ఫ్లష్ డోర్లకి 4 అంగుళాలవి మూడు చాలు.

బాత్రూంకి 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలే తీసుకోండి. అయస్కాంతం అంటకపోతే 304 అని షాపువాడు అంటాడు. నమ్మకండి, నికెల్ తక్కువుండే 202కీ అంటదు. తుప్పు మాత్రం దానికి త్వరగా పడుతుంది. బిల్లు మీద "304" అని రాయించుకోండి.

స్క్రూలు కనీసం ఒకటిన్నర అంగుళాలవి ఉండాలి. ముందు డ్రిల్లుతో సన్నగా బెజ్జం పెట్టి, మొత్తం తిప్పే బిగించమనండి. ఆ గంటసేపు పక్కనే నిలబడండి. ఇప్పటికే వదులైపోయుంటే, బెజ్జంలో జిగురు రాసిన కర్ర పేళ్ళు దిగ్గొట్టి, ఆరాక మళ్ళీ బిగిస్తే చాలావరకు నిలుస్తుంది.

పెద్దవాళ్ళున్న ఇంట్లో, వీలుంటే, బాత్రూం తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి. లోపల మనిషి పడిపోయినా తలుపుకి అడ్డం రారు. బందుల పిన్నులు బయటే ఉంటాయి కాబట్టి అవసరమైతే లాగేయొచ్చు. వీధి తలుపుకి మాత్రం ఇదే దొంగకి దారి, అక్కడ పిన్నులు లోపలే ఉండాలి.

కార్పెంటర్లని తిట్టడం నా ఉద్దేశం కాదు. తలుపుకింత అని బేరమాడి, పని తొందరగా తెమల్చమన్నది మనమే కదా! హ్యాండిలుకి వేలు పోసి, బందు దగ్గర వందలు మిగుల్చుకున్నదీ మనమే. చుట్టాలొస్తే హ్యాండిలు చూసి మెచ్చుకుంటారు, బందుని ఎవరూ చూడరు. తలుపుని మోసేది మాత్రం అదే.

ఇవ్వాళ ఇంటికెళ్ళాక ఓ పని చేయండి. బాత్రూం తలుపుని సగం తెరిచి, హ్యాండిలు పట్టుకుని కాస్త పైకెత్తి చూడండి. కదిలిందా? అయితే ఈ ఆదివారం మీ పనేంటో తేలిపోయినట్టే.