నేల విడిచి సాము

విమానమును గాలిలోనికి లేపుటకంటె క్షేమముగ నేలకు దింపుట కష్టమను సంగతి విమానవిద్య పుట్టిననాడే తేలినది. 1903 డిసెంబరు 14వ తేదీన విల్బరు రైటు తమ యంత్రమునెక్కి చేసిన తొలి ప్రయత్నము మూడున్నర సెకండ్లలో ముగిసెను. ముక్కును మితిమీరి పైకెత్తుటచే యంత్రము వేగముడిగి నేలకు తగిలి కొంత విరిగెను. మరమ్మతు జరిపి 17వ తేదీన సోదరులిద్దరును నాలుగు పర్యాయములెగిరిరి. నాలుగవసారి దిగునప్పుడు ముందుభాగము మరల విరిగెను. అంతకుముందే వారు ఇంజను లేని గ్లైడర్లపై ఇసుకదిబ్బలనుండి వందలసార్లు దిగి అభ్యసించినవారు. అట్టివారికే లొంగని నేల, సెలవు దినములందు వినోదార్థము ఎగురువారికి సులభముగ లొంగునా?

నేడు ఇట్టి వినోదమునకై అల్ట్రాలైటు అను అతితేలిక విమానములు వాడుకలోనున్నవి. గొట్టములు, తీగలు, గుడ్డ, చిన్న ఇంజను: పెక్కింటి శరీరమింతియే. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1982లో వచ్చిన నిబంధనల ప్రకారము ఇట్టి విమానము ఖాళీబరువు 254 పౌనులకు, అనగా సుమారు 115 కిలోలకు లోబడియుండవలెను. పెట్రోలు ఐదు గ్యాలన్లకు మించరాదు. వేగము గంటకు సుమారు 102 కిలోమీటర్లు దాటరాదు. ఒక్కరే ఎక్కవలెను, జనసమ్మర్దముగల చోట్లపై ఎగురరాదు. ఈ హద్దులకు లోబడినవానిని, నీకు లైసెన్సు కలదా, ఎన్నిగంటలు నేర్చితివి, వైద్యపరీక్ష అయినదా అని ఆ శాసనము అడుగదు.

ఈ స్వేచ్ఛను మేము తప్పుపట్టము. తన ప్రాణమునకు తానే పూచీపడు పౌరుని విషయమున ప్రభుత్వము చేయి వెనుకకు తీసికొనుట ఉదారలక్షణమే. కాని శాసనము అడుగనిది వేఱు, అవసరము లేనిది వేఱు. ప్రభుత్వము లైసెన్సును మాఫీ చేసినది. గాలి దేనిని మాఫీ చేయలేదు.

విమానము తేలిక గనుక దింపుటయు తేలికయని తలచుట ప్రమాదమునకు తొలిమెట్టు. బరువైన విమానము ఇంజను తగ్గించినను తన జోరుతో కొంతదూరము సాగును. అల్ట్రాలైటునకు ఆ జోరు లేదు. తీగలును గొట్టములును గాలికి అడ్డుపడుట అధికము. ఇంజను తగ్గినవెంటనే ముక్కును దించనిచో వేగము చూచుచుండగనే కరగిపోవును. ఇంజను శక్తి లేనప్పుడు ఱెక్కలు గాలిపై పట్టు విడుచు వేగము గంటకు సుమారు 44 కిలోమీటర్లకు మించరాదని నిబంధన. మెల్లగ దిగుటకిది మేలే. కాని దిగవచ్చు వేగమునకును పట్టుదప్పు వేగమునకును నడుమ ఎడము స్వల్పము.

గాలి సంగతి చూడుడు. గంటకు 20 కిలోమీటర్ల ప్రక్కగాలి, 240 కిలోమీటర్ల వేగమున దిగు జెట్టు విమానమునకు పండ్రెండవ వంతు. 50 కిలోమీటర్ల వేగమున దిగు అల్ట్రాలైటునకు అదియే ఐదింట రెండు వంతులు. పైగా నేలకు చేరువగుకొలది ఎదురుగాలి తగ్గును; ఆ మేరకు ఱెక్కలకందు గాలియు తగ్గును. నాలుగు నిలువుల ఎత్తున పట్టుదప్పినచో సరిదిద్దుకొనుటకు చోటెక్కడ?

ఇందు మఱియొక విశేషము కలదు. పెద్ద విమానములను ఏండ్ల తరబడి నడిపినవాడును ఇచట క్రొత్తవాడే. అతడు అలవాటుచొప్పున ముందుగనే ముక్కునెత్తును. జోరులేని యంత్రము గాలిలోనే వేగముడిగి దబ్బున పడును. క్రొత్తవాడు తెలియక పడును. పాతవాడు తెలిసినదనుకొని పడును. కావున పాతవాడైనను క్రొత్తవాడైనను మొదట అట్టి యంత్రముపైననే గురువు ప్రక్కన కూర్చుండి నేర్వవలెను.

పూర్వము అమెరికాలో దీనికొక మార్గముండెను. వైమానిక సంఘములకిచ్చిన మినహాయింపుచొప్పున రెండాసనముల అల్ట్రాలైటులపై శిక్షణ జరిగెడిది. ఆ మినహాయింపును శిక్షణకుగాక విహారములకు వాడుకొన్నవారును లేకపోలేదు. 2004లో స్పోర్టు పైలట్ నిబంధనలు వచ్చిన పిమ్మట, 2008 జనవరి 31తో ఆ మినహాయింపులు ముగిసినవి. రెండాసనముల యంత్రమును విమానముగ నమోదుచేయింపవలెను; లైసెన్సుగల శిక్షకుని వెదకికొనవలెను. దుర్వినియోగము నరికట్టుట న్యాయమే. కాని శిక్షణను కోరని శాసనమే శిక్షణకు దారినిరుకు చేయుట న్యాయమా?

శాసనము మారువఱకును వేచియుండ నక్కఱలేదు. అమెరికాలో లైసెన్సుగల చోదకుడు ప్రయాణికుని ఎక్కించుకొనుటకు గడచిన 90 దినములలో మూడుసార్లు ఎగిరి దిగియుండవలెను. 24 నెలలకొకసారి శిక్షకునియెదుట తన నేర్పును చూపవలెను. ఈ నియమములను అల్ట్రాలైటు సంఘములు తమంతట తామే తమ సభ్యులకు విధించుకొనవచ్చును. నెలలతరబడి ఎగురనివాడు గురువుతో కూడిన పిమ్మటనే ఒంటరిగ ఎగురవలెను. గాలి తన నేర్పునకు మించిననాడు యంత్రమును షెడ్డులోనే యుంచవలెను. దిగుట కుదురలేదని తోచినంతనే, ఇంకను ఎత్తును వేగమును ఉండగనే, ఇంజను పెంచి మరల చుట్టివచ్చుట పిఱికితనము కాదు. ఇంజను నిలిచిపోయినచో ఎట్లు దిగవలెనో ముందే అభ్యసింపవలెను.

మన దేశమున మైక్రోలైటు అనబడు ఈ చిన్న విమానములకును చోదకునికి లైసెన్సు కావలెను. ఎన్.సి.సి. వైమానిక శాఖ విద్యార్థులు ఇట్టి విమానములపై శిక్షకుని ప్రక్కన కూర్చుండి ఓనమాలు దిద్దుకొనుచున్నారు. ఇది మేలైన పద్ధతి. ఐనను లైసెన్సు పరీక్షనాటి నేర్పునకు సాక్ష్యము. నేటి నేర్పునకు నిన్నటి అభ్యాసమే సాక్ష్యము. అభ్యాసము కూసువిద్య యని పెద్దలు ఊరక చెప్పలేదు.

తన ప్రాణము తన యిష్టమని వాదించువారున్నారు. కూలిన యంత్రమువద్దకు పరుగెత్తువారు పరులు. ఇంటివద్ద ఎదురుచూచువారు ఆలుబిడ్డలు. ప్రమాదములు పెరిగినచో ప్రభుత్వము ఆంక్షలు విధింపకమానదు. అప్పుడు జాగరూకుడును అజాగరూకునితోపాటు నష్టపోవును. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటకంటె ఇప్పుడే తమకు తాము నియమమేర్పఱచుకొనుట మేలు. నేల విడిచి సాము చేయువాడు తిరిగి నేలపై నిలుచుటను మొదట నేర్వవలెను.