తాతగారి తుపాకీ (చట్టం - కులం, 9వ భాగం)



పాత పంప్ యాక్షన్ ట్రాప్ గన్ ఫొటో ఒకటి, పైన "తాతగారి వించెస్టర్" అని గర్వంగా ఒక ముక్క. ఇలాంటివి మీ ఫీడ్‌లోకీ వస్తుంటాయి. అందమైన వస్తువే, కాదనను. ముందు పట్టుని వెనక్కి లాగితే ఖాళీ కార్ట్రిడ్జి ఎగిరి పడుతుంది, ముందుకి తోస్తే కొత్తది లోపలికి ఎక్కుతుంది. మోడల్ 12 అయితే 1912లో మొదలై 1964లో మామూలు ఉత్పత్తి ఆగిపోయింది. గాల్లోకి విసిరిన 11 సెంటీమీటర్ల మట్టి పళ్లేన్ని పేల్చడం ఆట. ఆటతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ "తాతగారి" అన్న మాటతోనే.

ఆ తాతకి ఎక్కడిది? 1878 ఆయుధ చట్టం దేశం చేతులు కట్టేసి దొరలకీ, సర్కారు మెచ్చిన రాజులకీ, జమీందార్లకీ మినహాయింపు ఇచ్చింది. కొడగులో కొడవలకి జాతి పేరు మీదే ఇచ్చిన మినహాయింపు ఇవాళ్టికీ నడుస్తోంది. మన మన్యంలో ఆదివాసులకి తుపాకీ కావాలంటే 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడాల్సి వచ్చింది.

తర్వాత 1980ల నడుమ విదేశీ తుపాకుల దిగుమతి మామూలు మనిషికి మూసేశారు. పేరున్న షూటర్లకే దారి. ఇక పాతది ఉన్నవాడిదే భాగ్యం. 2016 ఆయుధ నిబంధనల్లో 25వది చదవండి: లైసెన్సుదారు చనిపోయినా, 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లు తన దగ్గరున్నా వారసుడికి ఇవ్వొచ్చు. భూమి ఎలా దిగిందో ఇదీ అలాగే. మన తాతల నుంచి మనకి దిగింది డప్పు, ఆరె.

మరి కాగితం మీద మనకేముంది? చాలానే ఉంది. 1959 ఆయుధ చట్టం 14(2): ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు కాదనకూడదు. 1995 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనల్లో 3వది: అత్యాచారాలు జరిగే ప్రాంతాల్లో, అవసరమనుకుంటే, ఎస్సీ ఎస్టీలు కానివాళ్ల లైసెన్సులు రద్దు చేసి ఆయుధాలు ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. అవసరమనుకుంటే ఎస్సీ ఎస్టీలకే లైసెన్సులు ఇవ్వాలి. నా మాట కాదు, ప్రభుత్వ నిబంధన.

ఎవరు అనుకోవాలి ఆ అవసరం? ఈ నిబంధన పుట్టిన 17 ఏళ్లకి, 2012 జూన్ 12న, లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపారు. అక్కడ వాడింది నాటుబాంబులు, బరిసెలు. లైసెన్సు తుపాకులు కావు, నిజమే. అయినా రాజ్యం ఎవరి చేతిని నమ్ముతుంది, ఎవరి చేతిని చూసి జడుస్తుందన్న ప్రశ్న మారదు.

"అయితే పేటకో తుపాకీ పంచమంటావా?" అంటారు. అనను. నాకు తుపాకీ వద్దు కూడా. అంబేడ్కర్ 1936లో "కులనిర్మూలన"లో ఆయుధాన్ని చదువుతో కలిపే లెక్కపెట్టాడు, రెండూ లేనివాళ్లు తిరగబడలేకపోయారని. చదువు గురించి పోట్లాడతాం. రెండోదాని లెక్క అడగడానికి కూడా మనకి సిగ్గెందుకు?

మా గోపాలపట్నంతో సహా విశాఖ నగరంలో లైసెన్సులిచ్చేది పోలీసు కమిషనర్. ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి: 3వ నిబంధన కింద 1995 నుంచి రద్దు చేసినవెన్ని, ఇచ్చినవెన్ని, 25వ నిబంధన కింద వారసులకి మార్చినవెన్ని. ఏయూ మిత్రులు ఈ వారమే వేయండి. జవాబు వచ్చినా, రాకపోయినా 10వ భాగంలో పెడతాను.