టమాటా విత్తనం మన ఇంట్లోనే ఉండాలి

పని మీద పట్నం వచ్చిన రైతు విత్తనాల ప్యాకెట్ కొనుక్కుని నాంపల్లి స్టేషన్‌లో రైలెక్కడం మనకు కొత్త కాదు. ప్యాకెట్ మీద ఎర్రటి పండు బొమ్మ పెద్దగా కనిపిస్తుంది, 'ఎఫ్1 హైబ్రిడ్' అన్న మాట చిన్నగా ఉంటుంది. ఆ చిన్న మాటకు అర్థం, వచ్చే ఏడు మళ్లీ కొనాలని. హైబ్రిడ్ పండు విత్తనం దాచి వేస్తే మొక్కలు ఒకే తీరుగా రావు, కాపు నమ్మకముండదు.

హైబ్రిడ్ వేయవద్దని మేము అనడం లేదు. మార్కెట్‌కు పండించే రైతు లెక్కలు రైతుకు తెలుసు. కానీ మన చేతిలో సొంత విత్తనం ఒక్కటైనా లేకపోతే ధర చెప్పేది ఎప్పుడూ అవతలివాడే.

విత్తనం దాచడం నేర్చుకోవడానికి టమాటా మంచి పంట. దాని పువ్వు చాలావరకు తనలో తానే ఫలదీకరణ చెందుతుంది. అందుకే నాటు రకాలు, పూసా రూబీ, అర్కా వికాస్ వంటి సూటి రకాల గుణం తరతరాలకూ నిలుస్తుంది. పెరట్లో నాలుగు మొక్కలున్నా, పట్నంలో మిద్దె మీద నాలుగు కుండీలున్నా చాలు. రెండు మూడు రకాలు వేసేవారు వాటి మధ్య నాలుగైదు గజాలు ఎడం ఉంచాలి.

ఆకుముడత, మచ్చలు లేని మొక్కను ముందే చూసి దారం కట్టండి. పండు చెట్టు మీదే బాగా మాగనివ్వండి. గుజ్జును గ్లాసులో పిండి ఒకటి రెండు రోజులు పులియబెడితే గింజ చుట్టూ ఉన్న జిగురు వదులుతుంది. నీళ్లు పోసి కలిపితే గట్టి గింజ అడుగుకు చేరుతుంది, తాలు తేలిపోతుంది. కడిగిన గింజను పళ్లెంలో పలచగా పరిచి నీడన ఆరబెట్టండి. తడి లేని సీసాలో రకం పేరు, ఏడాది రాసి పెడితే మూడు నాలుగేళ్లు మొలకెత్తుతుంది.

ఇది ఇంటి ముచ్చట మాత్రమే కాదు. 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం 39వ సెక్షన్ విత్తనం దాచుకునే, మళ్లీ వేసుకునే, పంచుకునే, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకునే హక్కు రైతుకిచ్చింది. వాడని హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ప్రాంతంలో దళిత మహిళా రైతులు చిరుధాన్యాల విత్తనాన్ని ఇళ్లలోనే కాపాడుకుంటున్నారు. వారికి చేతనైనది మనకెందుకు కాదు?

నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక ఉత్పత్తుల ప్రదర్శనగా మొదలైంది. అక్కడ రైతు విత్తనానికీ ఒక చోటు ఇవ్వాలి. సూటి రకాల విత్తనం ఉద్యానశాఖ ద్వారా అందుబాటు ధరకు దొరకాలి. ప్యాకెట్ మీద 'విత్తనం దాచరాదు, ఇది హైబ్రిడ్' అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. ఈ మూడింటినీ మేము ప్రభుత్వం ముందు పెడుతున్నాం.

ప్రభుత్వం వినేదాకా ఆగనక్కరలేదు. ఈ కాపులో ఒక్కో సభ్యుడు ఒక్క రకం విత్తనం దాచి, వచ్చే సమావేశానికి చిటికెడు తీసుకురండి. ఇచ్చి, ఇంకొకటి పట్టుకెళ్లండి.